పాత కార్బన్ సైకిల్ తొక్కవచ్చా?



గత పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి బాబు నాన్నగారు ఒక ప్రశ్న అడిగారు. "మేడమ్, సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ సైకిల్ కొన్నాం. పదేళ్ల పాతది. ఉన్నట్టుండి విరిగిపోతుందా?" అక్కడ నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కార్బన్ ఫ్రేమ్ అంటే సన్నని కార్బన్ పోగులను ఎపాక్సీ రెసిన్‌తో పొరలు పొరలుగా పేర్చి, వేడిచేసి గట్టిపరచినది. 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది కార్బన్ ఫ్రేమ్ మీదే. అల్యూమినియం రోజూ పడే ఒత్తిడికి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అలసిపోతుంది. కార్బన్‌కు ఆ ఇబ్బంది చాలా తక్కువ. అందుకని వయసు ఒక్కటే చూసి భయపడక్కర్లేదు.

దాని అసలు శత్రువు దెబ్బ. స్టీల్ గొట్టానికి తగిలితే సొట్ట కనిపిస్తుంది. కార్బన్‌లో లోపలి పొరలు విడిపోయినా పైన పెయింట్ కొత్తగానే మెరవవచ్చు.

సైకిల్ కడిగి, ఆరాక, పగటి వెలుతురులో చూడండి. హ్యాండిల్ కింది భాగం, పెడల్స్ తిరిగే చోటు, రాళ్లు ఎగిరి తగిలే కింది గొట్టం ముఖ్యం. పొడి దూది రాసి చూడండి, పోగులు లేస్తే అది దూదిని పట్టుకుంటుంది. వేలితో మాత్రం తడమవద్దు, గుచ్చుకుంటాయి. సన్నటి గీత పెయింట్‌ది మాత్రమే కావచ్చు. కానీ అక్కడ నొక్కితే మెత్తగా ఉన్నా, ఉబ్బినా తొక్కడం ఆపేయండి.

తర్వాత రూపాయి బిళ్లతో మెల్లగా తట్టండి. బాగున్న చోట 'టక్' మంటుంది, పొరలు విడిపోతే 'దబ్' మని మందంగా వినిపిస్తుంది. గొట్టం మందాన్ని బట్టి కూడా శబ్దం మారుతుంది కాబట్టి కుడివైపును ఎడమవైపు అదే చోటుతో పోల్చండి. శబ్దం బాగుంది కదా అని పూర్తిగా నమ్మేయకండి, ఇది మొదటి పరీక్ష మాత్రమే.

బోల్టులు మరీ బిగించినా కార్బన్ నలిగిపోతుంది. చాలా భాగాల మీద 5 న్యూటన్ మీటర్లు వంటి అంకె ముద్రించి ఉంటుంది. ఆ లెక్కకు టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ దగ్గరే బిగించండి.

ఫ్రేమ్‌ను కాంపోజిట్ పని తెలిసినవారు బాగుచేయగలరు. ముందు ఫోర్క్ విషయంలో మాత్రం నేను రాజీపడను. అది విరిగితే పిల్లవాడు ముఖం మీద పడతాడు. అనుమానం ఉంటే మార్చడమే. ఇంట్లో జిగురు ప్రయోగాలు వద్దు.

అన్నిటికన్నా ముందు పిల్లలను కోప్పడకుండా అడగండి. ఆ బాబును అడిగితే నెమ్మదిగా చెప్పాడు: రెండు నెలల క్రితం స్పీడ్ బ్రేకర్ దగ్గర పడ్డాడట, హ్యాండిల్ గిర్రున తిరిగి పై గొట్టానికి కొట్టుకుందట. నాన్న తిడతారని ఇంట్లో చెప్పలేదు. బిళ్లతో తడితే ఆ చోటే 'దబ్' మంది. ప్రస్తుతం సైకిల్ మెకానిక్ దగ్గర ఉంది, బాబు స్కూల్ బస్సులో వస్తున్నాడు.