కనపడని దెబ్బ

ఇల్లు అంటుకుంటే ఫైరింజను వస్తుంది. లారీ బోల్తా పడితే 108 బండి వస్తుంది. వరద వస్తే పోలీసులు, ఈతగాళ్లు వస్తారు. అందరూ పారిపోయే చోటికి వీళ్లు ఎదురు వెళతారు. మనల్ని కాపాడతారు.

మరి వాళ్ల బాగు ఎవరు చూడాలి?

2023 జూన్ 2న ఒడిశాలో పెద్ద రైలు ప్రమాదం జరిగింది. బాలాసోర్ జిల్లాలో బహనాగా బజార్ అనే స్టేషను ఉంది. అక్కడ కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. అది మన విశాఖపట్నం, విజయవాడల మీదుగా పోయే బండే. 290 మందికి పైగా చనిపోయారు.

ముందు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. తర్వాత జాతీయ విపత్తు దళం వచ్చింది. దళంవాళ్లు 44 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. 121 శవాలను కూడా తీశారు.

ఆ తర్వాత ఒక జవానుకు నీళ్లు చూస్తే నెత్తురులా కనిపించింది. ఇంకొకతనికి ఆకలి పోయింది. ఈ సంగతి ఆ దళం పెద్ద అధికారి అతుల్ కర్వాల్ దాచలేదు. నలుగురిలో చెప్పారు. జవాన్ల మనసు కుదుటపడే ఏర్పాట్లు చేస్తున్నామన్నారు.

ఆ జవాన్లు పిరికివాళ్లా? కాదు. కాలికి దెబ్బ తగిలితే వాస్తుంది. చూడరానిది చూస్తే మనసుకూ దెబ్బ తగులుతుంది. అది పైకి కనపడదు.

ఇలాంటి పని చేసే ఒకతని ఇంట్లో అత్తాకోడళ్లు ఇలా మాట్లాడుకున్నారు:

"అత్తయ్యా, మీ అబ్బాయి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. అన్నం కలిపి అలాగే కూర్చుంటున్నాడు. ఊరికే కసురుకుంటున్నాడు."

"శవాలు మోసొచ్చాడు గదే. గాలి సోకిందేమో. తాయెత్తు కట్టిద్దాం."

"గాలి కాదత్తయ్యా. చూసింది మరిచిపోలేకపోతున్నాడు."

కోడలు చెప్పిందే నిజం. చాలామందికి ఈ బాధ కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు ఆదరిస్తే మనసు తేలికపడుతుంది.

మనం ఏం చేయాలి?

చెప్పుకుంటే ఓపికగా వినాలి. చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగకూడదు. "మగాడివి, ఇంత మాత్రానికేనా?" అనకూడదు. వేళకు తిండి, నిద్ర ఉండేలా చూడాలి. తోటి పనివాళ్లతో కలిసి మాట్లాడుకోనివ్వాలి. తాగితే మరిచిపోతాడని అనుకోవద్దు. తాగుడు నిద్రను పాడుచేస్తుంది. బాధను పెంచుతుంది.

నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. "బతకాలని లేదు" అంటే నెల రోజులు ఆగకూడదు. ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

14416 నంబరుకు ఫోను చేయవచ్చు. దాని పేరు టెలీ మానస్. 2022లో ప్రభుత్వం పెట్టింది. రాత్రయినా, పగలైనా పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు.

ఈ దెబ్బ ఆడవాళ్లకూ తగులుతుంది. నర్సులు, ఆశా కార్యకర్తలు, ఆడ పోలీసులు కూడా ఆపదలో ముందుంటారు. ఇంటికి రాగానే పొయ్యి దగ్గరికి పోతారు. వాళ్ల బాధ అడిగేవాళ్లుండరు. మనం అడుగుదాం. ఆ పూట వంట ఇంకొకరు చేద్దాం.

కలిసి మాట్లాడుకోండి:
1. మీ ఊళ్లో ఆపద వస్తే ముందుగా ఎవరు వస్తారు?
2. తిరిగి వెళ్లాక వాళ్లెలా ఉన్నారో ఎప్పుడైనా అడిగారా?
3. 14416 నంబరు మీ ఇంటి గోడ మీద రాసి పెట్టండి.