కథ పంపేశాక ఏం చేయాలి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లున్నారు. చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే. ఊరికి ఆ చివర, అర్పా నది ఒడ్డున, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉన్న కోనిలో ఒకరు తెలుగులో మొదటి కథ రాసి పత్రికకు పంపారనుకుందాం. వీధిలో వినిపించేది హిందీ, ఛత్తీస్‌గఢీ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదివేవాళ్లు ఒకరో ఇద్దరో. వారాలు గడిచినా పత్రిక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది కలం పక్కన పెట్టేసేది ఈ రోజుల్లోనే. కథ రాయడం నేర్పేవాళ్లున్నారు. పంపాక ఎలా బతకాలో చెప్పేవాళ్లు తక్కువ.

మొదట ఎదురుచూపుకు గడువు పెట్టండి. ఒక నోట్‌బుక్‌లో కథ పేరు, పత్రిక పేరు, పంపిన తేదీ రాయండి. మన పత్రికలు హామీపత్రం అడుగుతాయి: కథ మీ సొంతమనీ, అనువాదమో అనుకరణో కాదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ. ఆ మాటకు కట్టుబడాలి కాబట్టి అదే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు. పత్రిక తనే గడువు చెప్తే సరే. చెప్పకపోతే మూడు నెలలు ఆగండి. తర్వాత రెండు వాక్యాల ఉత్తరం చాలు: "ఫలానా తేదీన ఫలానా కథ పంపాను. మీ నిర్ణయం తెలియజేయగలరు." ఇంకో పదిహేను రోజులు చూసి, కథను వెనక్కి తీసుకుంటున్నానని మర్యాదగా రాసి, మరో పత్రికకు పంపండి. తేదీ కాగితం మీద ఉంటే రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూసే బాధ చాలావరకు తగ్గుతుంది.

రెండో పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: మొదటి కథ పంపకముందే రెండో కథ మొదటి పేరా రాసి ఉంచుకోండి. అది మంచి పేరా కానక్కర్లేదు. పంపిన మర్నాడు కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి, అంతే. రైల్వే డ్యూటీల ఉద్యోగమైతే గడియారాన్ని నమ్ముకోకండి. రాత్రి షిఫ్టులు, రన్నింగ్ రూములో విశ్రాంతి ఉన్నవాళ్లకు "రోజూ ఉదయం ఐదింటికి" అనే నియమం వారం కూడా నిలవదు. డ్యూటీ దిగి నిద్రలేచాక మొదటి టీతో ఒక పేజీ అనుకోండి. నిద్రలేచే వేళ మారినా టీ మారదు.

ఇక సందేహం సంగతి. "నాకు రాయడం వచ్చా?" అన్న ప్రశ్నకు ఎంత తవ్వినా జవాబు దొరకదు, మనిషి మాత్రం అలిసిపోతాడు. దాన్ని వాక్యం మీదికి మళ్లించండి. ఈ సంభాషణ ఆ మనిషి నోట వచ్చేదేనా? ఈ పేరా తీసేస్తే కథకు నష్టమా? వీటికి జవాబుంది, చేతికి పనీ ఉంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లోనే ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన దాన్ని మళ్లీ రాశారు. ఈ రోజు మనం చదివే నాటకం 1909 నాటి కూర్పు. మీ కథను బయటికి గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. దిద్దడం మాత్రం మర్నాడు.

ఇక్కడివాళ్లకు ఇంకో సందేహం కూడా ఉంటుంది: మన తెలుగు పత్రికల తెలుగులా లేదే అని. బుధవారీ బజారులో కూరగాయలు బేరమాడేటప్పుడు సగం హిందీ దొర్లుతుంది, ఇంటికొచ్చి "ఏటి సేస్తన్నావే" అంటారు. అలాగే రాయండి. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు ఉత్తరాంధ్ర మాటతోనే పెద్ద కథకులయ్యారు. ఆ మాట బొగ్గు వ్యాగన్ల ఊళ్లో, ఛత్తీస్‌గఢీ పక్కన బతుకుతూ ఎలా మారిందో రాయగలిగేది మీరే. దీన్ని లోపమనుకుని చెరిపేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్క పాఠకుణ్ణి వెతుక్కోండి. తెలుగు చదవగల పెద్దమ్మో, రిటైరైన మామయ్యో చాలు. "ఎలా ఉంది?" అనడిగితే "బాగుందమ్మా" అంటారు. ఎక్కడ విసుగొచ్చింది, ఎవరు గుర్తున్నారు, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు అని అడగండి.

ఎంత చేసినా నెలల తరబడి ఒక్క వాక్యమూ రాని కాలం వస్తుంది. అప్పుడు ఇతరుల ఆలస్యాలు, ఇబ్బందులు తెలుసుకోవడం మేలు చేస్తుంది. ‘మహాప్రస్థానం’కు చలం ‘యోగ్యతాపత్రం’ అనే ముందుమాట రాసింది 1940లో, పుస్తకం వచ్చింది 1950లో. ఛత్తీస్‌గఢ్‌కే చెందిన హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్ల రాయ్‌పూర్‌లో ఉంటూ తన పద్ధతిలో తాను దశాబ్దాలుగా రాస్తూ పోతే, 2024 జ్ఞానపీఠం ప్రకటించేనాటికి ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది ‘పుష్ప్ కీ అభిలాషా’ కవిత రాసింది బిలాస్‌పూర్ జైల్లో, సహాయ నిరాకరణ రోజుల్లో శిక్ష అనుభవిస్తూ. రాయలేని రోజుల్లో మంచి కథ ఒకటి చేత్తో ఎత్తిరాయండి, పంపడానికి కాదు, వాక్యం ఎలా నడిచిందో చేతికి తెలియడానికి.

కథ తిరిగొస్తే ఆ రోజు దాన్ని ముట్టుకోకండి. బాధపడటానికి ఒక రోజు ఇవ్వండి. కారణం చెప్పకపోతే ఊహించుకోవద్దు. చెప్తే నోట్‌బుక్‌లో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండు మూడు పత్రికలు ఒకే చోట వేలు పెడితే అక్కడ దిద్దండి. లేకపోతే ఉన్నదున్నట్టే తర్వాతి పత్రికకు పంపండి. ఉగాది, దీపావళి పోటీల ప్రకటనలు ముందే వస్తాయి, పదాల పరిమితి చూసి పంపండి.

అచ్చయినప్పుడు రెండు కాపీలు కొనండి. ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రెండోది శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో తెలుగు కథల కోసమే నెలకొల్పిన కథానిలయానికి పంపండి. బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికెళ్లే బంధువులెవరైనా ఉంటే వాళ్ల చేతికైనా ఇవ్వండి.