ఛాయాచిత్రమును కత్తిరించుటలో నిష్పత్తి తప్పరాదు

నేడు పంచాయతీ పనులకు ఛాయాచిత్రము ముఖ్యమైన సాక్ష్యము. రోడ్డు వేసినను, మురుగుకాలువ కట్టినను, బడికి ప్రహరీ లేపినను, పనికి ముందును పిమ్మటను చిత్రములు తీసి భద్రపరచుట మంచిది. వానిలో అనవసరమగు భాగమును తొలగించుటకు కత్తిరింపు అవసరమగును. అప్పుడు వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి చెడకుండ చూచుకొనవలెను.

దీని ప్రాముఖ్యమును పల్నాడు జిల్లాలోని అమరావతి మనకు బోధించుచున్నది. అచ్చటి మహాస్తూపము నేడు పూర్ణరూపమున లేదు. దాని సున్నపురాతి పలకలు పెక్కు సున్నపు బట్టీల పాలయినవి. 1816లో కర్నల్ కాలిన్ మెకంజీ తన చిత్రకారులచే ఆ శిల్పములకు చిత్రములు వ్రాయించెను. తరువాత నశించిన కొన్ని పలకలకు ఆ చిత్రములే ఆధారము. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మదరాసు చేర్పించిన శిల్పములకు 1858లో లిన్నేయస్ ట్రైప్ ఛాయాచిత్రములు తీసెను. మరుసటి యేడు వానిలో పెక్కింటిని లండనుకు పంపిరి.

ఆ స్తూపము ఎట్లుండెనో దాని పలకలపై చెక్కిన స్తూపరూపములే నేడు చెప్పుచున్నవి. అట్టి పలక చిత్రమును అడ్డముగా సాగదీసినచో నిండైన గుమ్మటము అణగిన దిబ్బవలె కనబడును. వస్తువు కనుమరుగైన పిమ్మట చిత్రమే ప్రమాణము. గ్రామములో నేల క్రింద పూడ్చిన గొట్టములకును ఇదే న్యాయము వర్తించును.

కత్తిరించుట వేరు, సాగదీయుట వేరు. కత్తిరింపువలన అంచులు మాత్రమే పోవును. వస్తువు ఆకారము మారదు. కాని కత్తిరించిన ముక్క నివేదికలోని చట్రమునకు సరిపడనపుడు దానిని లాగి సరిపెట్టుదురు. చిక్కంతయు అచ్చటనే పుట్టును. మూడడుగుల కాలువ నాలుగడుగులదిగా కనబడవచ్చును. అది చూచి కొలత పుస్తకమును శంకించువారును ఉందురు.

లెక్క సులభము. ఒక చిత్రము వెడల్పు 4000, ఎత్తు 3000 పిక్సెళ్లు అనుకొందము. నిష్పత్తి 4:3. వెడల్పులో 1000 తీసివేసి ఎత్తును ముట్టనిచో చిత్రము చదరమగును. వెడల్పులో 1000 తీసినపుడు ఎత్తులో 750 తీసినచో 3000, 2250 మిగులును. నిష్పత్తి 4:3గనే నిలుచును. అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున అచ్చు వేసినచో అది 10 అంగుళముల వెడల్పు, ఏడున్నర అంగుళముల ఎత్తు గల బొమ్మ యగును.

ఈ లెక్కను యంత్రమే చేయగలదు. సెల్‌ఫోనులోని గూగుల్ ఫొటోస్‌లో క్రాప్ తెరచి, నిష్పత్తుల పట్టీలో 'ఒరిజినల్' అనుదానిని ఎన్నుకొనవలెను. కంప్యూటరులో ఉచితముగా లభించు గింప్‌నందు కత్తిరింపు పరికరపు ఎంపికలలో 'ఫిక్స్‌డ్' అను గడిలో గుర్తు పెట్టి, ప్రక్కన 'ఆస్పెక్ట్ రేషియో' ఉంచి, అసలు చిత్రపు నిష్పత్తిని నింపవలెను. పిమ్మట మూలను పట్టి లాగినచో రెండు వైపులును కలిసియే తగ్గును. నివేదికలో బొమ్మ పరిమాణము మార్చునపుడును మూలనే లాగవలెను. ప్రక్క అంచును లాగరాదు.

మరి మూడు జాగ్రత్తలు చెప్పెదము. అసలు చిత్రమును దాచి, నకలునే కత్తిరింపవలెను. కొలత టేపును, పనిచోటు గుర్తుపట్టుటకు వీలగు చెట్టును, గుడిని, మైలురాయిని చట్రములోనే ఉంచవలెను. అసంపూర్ణముగా నున్న భాగమును కత్తిరించి పని పూర్తియైనట్లు చూపరాదు. నిష్పత్తి సరిగా నున్నను అట్టి చిత్రము అసత్యమే. తీర్మానముల పుస్తకమునకు ఇచ్చు గౌరవమునే చిత్రమునకును ఇచ్చినచో, రేపటి సభ్యులకు నేటి పని ఉన్నదున్నట్లుగా కనబడును.