గోవా షాక్‌లో ఆఫీసు టేబుల్

టీమ్ ఔటింగ్ అనగానే హైదరాబాద్ ఆఫీసుల్లో మొదట వినిపించే పేరు గోవా. పగలంతా ఎక్కడ తిరిగినా పొద్దుగూకే వేళకి కలంగూట్‌లోనో, కాండోలిమ్‌లోనో, దక్షిణాన పాలోలెమ్‌లోనో ఒక బీచ్ షాక్‌లో తేలతారు. వెదురు బొంగుల పందిరి, ఇసుకలో కుర్చీలు, నిక్కర్లలో జనం. ఇలాంటి చోట మర్యాదలేమిటి అనిపిస్తుంది. పేచీలన్నీ ఆ ధీమా దగ్గరే మొదలవుతాయి.

ఈ షాక్‌లు ఏడాది పొడుగునా ఉండవు. పర్యాటక శాఖ లైసెన్సుతో వానలు వెనకబట్టాక వేస్తారు, మళ్ళీ వానలు రాకముందే విప్పేస్తారు. మీకు అందించే కుర్రాళ్ళలో చాలామంది నేపాల్ నుంచో, వేరే రాష్ట్రాల నుంచో సీజన్ కోసం వచ్చినవాళ్ళు. ఓనరుకైనా వాళ్ళకైనా నాలుగు రాళ్ళు వెనకేసుకునే కాలం అదే. వంటగదేమో ఇరుకు. పదిహేను మంది ఒక్కసారిగా దిగి, తలా ఒక మాట అరిస్తే ఎవరికీ ఏదీ వేళకి రాదు. ముందే ఫోన్ చేసి ఎంతమందో చెప్పండి, ఆర్డరు ఒక్కరి నోటినుంచే వెళ్ళనివ్వండి.

మన పర్మిట్ రూముల అలవాట్లు కొన్ని ఊళ్ళోనే వదిలేసి వెళ్ళాలి. బల్ల చరచడం, చిటికెలు వేసి పిలవడం అందులో మొదటివి. చెయ్యెత్తితే చాలు, చూస్తారు. పేరు అడిగి పేరుతో పిలిస్తే ఇంకా మంచిది. మన బార్లలో మందు వెనకాలే పల్లీలో, గుగ్గిళ్ళో వస్తాయి. అక్కడ స్టఫ్ అలా ఊరికే రాకపోవచ్చు, దానికి గొడవెందుకు? మందు చవకని వైన్ షాపులో సీసా కొనుక్కొచ్చి, టేబుల్ కింద దాచి, షాక్‌లో సోడాలు మాత్రమే చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నీడకీ, కుర్చీకీ, సముద్రం ఎదుట చోటుకీ కలిపే అక్కడ ధర కడతారు.

చేపల దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. వచ్చిన చేపను ట్రేలో పెట్టి చూపిస్తారు, బరువును బట్టి ధర. కిలో ఎంత, ఇది ఎంత తూగింది, వండినందుకు వేరే వేస్తారా అన్నవి పొయ్యి మీదకి వెళ్ళకముందే అడగాలి. ముళ్ళు మిగిలాక బేరమాడితే లాభం లేదు. బయట వేసిన పడక కుర్చీలదీ అదే లెక్క: ఆర్డరిస్తే ఉచితమా, అద్దె ఉందా అని అడిగాకే నడుం వాల్చండి. పక్కన పడుకున్న విదేశీ ఆడవాళ్ళ వైపు ఫోన్ తిప్పడం మర్యాద తప్పడం కాదు, పోలీసుల దాకా వెళ్ళే పని.

గోవా నాటు మందు ఫెనీ వాసనకి ముఖం చిట్లించేవాళ్ళు ఎక్కువ. జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోవా వాళ్ళకి అదంటే అభిమానం. వేసవిలో వెళ్తే దానికన్నా తేలికైన ఉర్రాక్ దొరుకుతుంది, లిమ్కా పోసి పచ్చిమిర్చి చీల్చి వేసి ఇస్తారు. టేబుల్‌కి ఒక్కటి చెప్పి రుచి చూడండి. నచ్చకపోతే పక్కన పెట్టేయండి.

ఇక ఆఫీసు సంగతి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్ళిన చోటు కూడా పనిచోటే. కంపెనీ తీసుకెళ్తే ఆ ఇసుకా దాని కిందికి వస్తుంది. అక్కడ జారిన చెయ్యి, వేసిన వెకిలి జోకు సోమవారం ఆఫీసు ఫిర్యాదుల కమిటీ ముందుకి రావచ్చు. మేనేజర్లకి ఇంకో మాట. “ఒక్క పెగ్గే కదా” అని కొత్తగా చేరిన కుర్రాడి ముందుకి గ్లాసు జరపకండి. మీకది సరదా, అతనికి అప్రైజల్. తాగనివాళ్ళని కారణం అడగొద్దు. కంపెనీ మందు ఖర్చు భరిస్తుందో లేదో బయల్దేరకముందే తేల్చుకుని, భరించకపోతే ఆ బిల్లు విడిగా రాయించండి. నిమ్మసోడా తాగిన అమ్మాయి మీ విస్కీలో వాటా కట్టడం అన్యాయం.

సర్వీస్ చార్జి తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. కాబట్టి బిల్లులో వేస్తే తీసేయమనవచ్చు. తీయించిన డబ్బు జేబులో వేసుకోకుండా అటూ ఇటూ తిరిగిన కుర్రాడి చేతికే నేరుగా ఇవ్వండి.

తాగి సముద్రంలో దిగొద్దు, అద్దె స్కూటీ ముట్టుకోవద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మన నగరాల్లోలా ఫోన్ తీయగానే కారొస్తుందన్న భరోసా రాత్రిపూట ఆ తీరాల్లో లేదు. తిరుగు టాక్సీ మాట్లాడుకున్నాకే మొదటి బీరు చెప్పండి. డ్రైవర్ నంబరు తాగని మనిషి దగ్గర ఉంచి, ఆ మనిషి భోజనం ఖర్చు మిగతావాళ్ళు పంచుకోండి.