కల్నల్ సి.కె. నాయుడు: క్రీడారంగంలో సమైక్యతా సారథి

భారత క్రికెట్ చరిత్రలో తొలి టెస్ట్ నాయకునిగా చిరస్మరణీయుడైన కొఠారి కనకయ్య నాయుడు తెలుగు కుటుంబానికి చెందినవారు. ఆయన పూర్వులు మచిలీపట్నం ప్రాంతం నుండి నాగపూర్‌కు వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడే 1895 అక్టోబర్ 31న నాయుడు జన్మించారు.

ఆనాడు బొంబాయిలో ప్రధాన పోటీలు మత ప్రాతిపదికపై జరిగేవి. హిందువులు, పార్సీలు, ముస్లిములు, యూరోపియన్లు వేర్వేరు జట్లుగా తలపడేవారు. నాయుడు 1916లో హిందువుల జట్టు పక్షాన రంగప్రవేశం చేశారు. 1926 డిసెంబర్‌లో ఇంగ్లండ్ నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి, భారతీయులు విదేశీయులకు ఏమాత్రం తీసిపోరని నిరూపించారు.

అంతకు మునుపే, 1923లో, ఇందోర్ పాలకుడైన హోల్కర్ మహారాజు ఆయనను ఆహ్వానించి తమ సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. క్రికెట్ జీవనోపాధి కాని ఆ రోజుల్లో సంస్థానాల కొలువే క్రీడాకారులకు ఆధారం. నాయుడు అనంతరం కల్నల్ అయ్యారు. సైనికోచితమైన క్రమశిక్షణను ఆయన మైదానంలోనూ పాటించారు, సహచరుల చేత పాటింపజేశారు.

1932లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టుకు పోర్‌బందర్ మహారాజు నాయకుడు. అయితే ఆయన తన ఆట పరిమితిని గుర్తించి టెస్ట్ మ్యాచ్ బాధ్యతను నాయుడికి అప్పగించారు. రాజవంశీయుడు కానివాని కింద ఆడటం కొందరికి రుచించలేదు. మహారాజు పట్టుదలతో ఆ అసమ్మతి అణగింది. జూన్ 25న లార్డ్స్ మైదానంలో ఆట ప్రారంభమైంది. మహమ్మద్ నిస్సార్ ఇద్దరిని అవుట్ చేయగా, లాల్ సింగ్ విసిరిన బంతికి మూడవవాడు రనౌట్ అయ్యాడు. ఇంగ్లండ్ 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయింది. చేతికి గాయమైనా నాయుడు తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అత్యధికంగా 40 పరుగులు చేశారు. భారత్ 158 పరుగులతో ఓడింది. కాని వివిధ మతాలవారు ఒకే జట్టుగా నిలువగలరని లోకానికి తెలిసింది. విస్డెన్ పత్రిక 1933లో ఆయనను ఆ ఏటి అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎన్నుకుంది.

1933 డిసెంబర్‌లో బొంబాయి టెస్టులో యువకుడైన లాలా అమర్‌నాథ్‌తో కలిసి 186 పరుగులు జోడించారు. మరుసటి నెలలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన తొలి టెస్టుకూ ఆయనే సారథి. మొత్తం 7 టెస్టులు ఆడి 350 పరుగులు చేశారు. ఈ అంకెలు స్వల్పంగా కనిపించవచ్చు. తొలి టెస్ట్ నాటికి ఆయన వయస్సు 36 ఏళ్ళని గుర్తుంచుకోవాలి.

ప్రాంతాల ప్రాతిపదికపై 1934లో ఆరంభమైన రంజీ ట్రోఫీ క్రమంగా మతపరమైన పోటీల స్థానాన్ని ఆక్రమించింది. ముష్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్ వంటి వారితో కూడిన హోల్కర్ జట్టు నాయుడి సారథ్యంలో 1945–46, 1947–48, 1950–51, 1952–53లలో ఆ ట్రోఫీని గెలుచుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో ఆయన ఆంధ్ర పక్షాన కూడా ఆడారు. 1956–57లో, అరవై దాటిన వయస్సులో, ఉత్తర ప్రదేశ్ తరఫున బరిలోకి దిగారు.

1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. 1967 నవంబర్ 14న ఇందోర్‌లో ఆయన కన్నుమూశారు. తెలుగు ఇంట పుట్టి, నాగపూర్‌లో పెరిగి, ఇందోర్‌ను సేవించి, దేశమంతటికీ తనవాడైన ఈ కల్నల్ జీవితం విద్యార్థులకు అనుసరణీయం. జట్టులో స్థానానికి పుట్టుక కాదు, సామర్థ్యమే కొలబద్ద అని ఆయన చరిత్ర చాటుతున్నది.