భీమిలి దాకా నడుద్దాం, రండి!

రోజంతా నడవగలరా? "అమ్మో, నావల్ల కాదు" అనేశారా? అవుతుంది! విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద 25 కిలోమీటర్లకు పైనే. రైతుబజారుకు వెళ్లేటప్పుడు కూడా మీరు గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. ఆ స్పీడు చాలు.

మరి చాలామంది మధ్యలో ఎందుకు ఆగిపోతారు? మొదటి గంటలో చేసిన హడావుడి వల్ల. తెల్లవారుజామున చల్లగాలి, కొత్త ఉత్సాహం, ఇక కాళ్లు ఆగవు. జిమ్‌లో చేరిన మొదటి వారం మనం చేసేదీ ఇదే కదా! అందుకే మొదటి గంట కావాలనే నెమ్మదిగా నడవండి. ఎవరైనా దాటి వెళ్తే వెళ్లనివ్వండి.

రెండో రూల్: అలసిపోకముందే కూర్చోండి. గంటకోసారి పది నిమిషాలు. షూస్, సాక్స్ విప్పేయండి. మడమ మీదో, చిటికెన వేలి పక్కనో చర్మం ఎర్రబడి చురుక్కుమంటోందా? వెంటనే టేప్ వేయండి. "ఇంకో కిలోమీటరు చూద్దాంలే" అన్నారో, బొబ్బ లేస్తుంది.

రుషికొండ దాటాక అసలు పరీక్ష. టూరిస్టుల సందడి పలచబడుతుంది. కుడి చెంప మీద ఎండ చుర్రుమంటుంది. కాళ్లు బాగానే ఉంటాయి, బోరు కొడుతుంది. సరిగ్గా అప్పుడే భీమిలి వెళ్లే 900కె బస్సు రోడ్డు అవతల వచ్చి ఆగుతుంది. మీ మైండ్‌సెట్ ఏమిటో ఆ ఫుట్‌బోర్డు ముందు తేలిపోతుంది!

మందు ఒక్కటే. భీమిలిని మరిచిపోండి. తర్వాతి మజిలీ వరకే టార్గెట్. ముందు తొట్లకొండ. పైన బౌద్ధారామం ఉంది, అద్భుతం, కానీ ఈ రోజు ఎక్కొద్దు. ఆ తర్వాత మంగమారిపేట. రోడ్డు పక్కన ఎండుచేపల వాసన, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. ఆగి పలకరించండి, కాళ్లకు విశ్రాంతి, మనసుకు మాట. ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. అవి కనిపించాయంటే భీమిలి దగ్గరపడినట్టే. అక్కడ 17వ శతాబ్దపు డచ్ సమాధులు చూసే ఓపిక కూడా మిగుల్చుకోండి.

మరికొన్ని:

• రోడ్డుకు కుడివైపు నడవండి. ఎదురొచ్చే బండి కనిపిస్తుంది, సముద్రమూ అటే.
• లీటరు నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టోపీ. బ్యాగులో ఇంకేం కుక్కొద్దు.
• ముందు నాలుగు వారాలు, ఆదివారం ఆదివారం 5, 8, 12, 16 కిలోమీటర్లు ప్రాక్టీస్ చేయండి.
• షుగర్, గుండె సమస్యలు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. ఇందులో మొహమాటం లేదు.

డిసెంబరులో ఒక ఆదివారం చూసుకోండి. తారీఖు ఈ రోజే ఖాయం చేసి ఇంట్లో చెప్పేయండి. ఆ ఉత్సాహంలో నడక ముందురోజు కొత్త షూస్ మాత్రం కొనకండి, పాతవే వేసుకోండి!