తేదీ ఒక్కటే – రాతలు ఎన్నో!

విద్యార్థులారా! మీ తరగతిలో వచ్చిన సెలవు చీటీలను ఒకసారి వరుసగా పేర్చి చూడండి. ఒకరు 5-7-24 అని రాస్తారు. మరొకరు 2024 జూలై 5 అంటారు. ఇంకొకరు శుక్రవారం అని రాసి ఊరుకుంటారు. మాస్టారు మూడింటినీ అర్థం చేసుకుంటారు. కాని మొదటి చీటీని ఒక అమెరికా విద్యార్థికి చూపిస్తే, దానిని మే నెల 7వ తేదీగా చదువుతాడు. అక్కడ నెలను ముందు రాసే అలవాటు ఉంది.

మనిషికే ఇంత చిక్కు ఉంటే, కంప్యూటరు ఏం చేస్తుంది? ఈ చిక్కును మొదట్లోనే ఎదుర్కొన్న వాటిలో యూజ్‌నెట్ ఒకటి. దాని కథ తెలుసుకుందాం.

ఊరూరా తిరిగిన ఉత్తరాలు

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఒక ఆలోచన చేశారు. ఒక కంప్యూటరులో రాసిన లేఖ, టెలిఫోను తీగల మీదుగా పక్క కంప్యూటరుకు, అక్కడి నుంచి మరో దానికి చేరాలి. ఇలా గొలుసుకట్టుగా అందరికీ అందాలి. పొరుగున ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెల్లోవిన్ దీనికి తొలి ప్రోగ్రాము రాశాడు. ఇదే యూజ్‌నెట్.

ప్రతి లేఖ పైన కొన్ని వివరాల పంక్తులు ఉంటాయి: పంపినవారి పేరు, విషయం, లేఖ గుర్తింపు సంఖ్య, తేదీ. తేదీ కేవలం అలంకారం కాదు. ఆ రోజుల్లో డిస్కులలో చోటు తక్కువ. అందుచేత పాత లేఖలను ఎప్పటికప్పుడు తీసివేయవలసి వచ్చేది. పైగా ఒకే లేఖ రెండు దారుల్లో రెండుసార్లు రావచ్చు. వచ్చిన లేఖల సంఖ్యలను కంప్యూటరు ఒక జాబితాలో ఉంచుకుంటుంది. కాని జాబితానూ ఎల్లకాలం ఉంచలేదు. జాబితాలో లేని ముసలి లేఖ మళ్ళీ తలుపు తడితే, తేదీ చూసే దానిని వెనక్కు పంపాలి. తేదీని తప్పుగా చదివితే కొత్త లేఖ చెత్తబుట్టలో పడుతుంది!

ఎన్ని రకాల రాతలు?

1983లో మార్క్ హోర్టన్ యూజ్‌నెట్ లేఖలకు నియమావళి రాశాడు. దాని ప్రకారం తేదీ ఇలా ఉండాలి (అసలు రాత ఇంగ్లీషులో ఉంటుంది):

శుక్రవారం, 19-నవం-82 16:14:55 ఇ.ఎస్.టి.

నెలను అంకెతో కాక అక్షరాలతో రాశారు, గమనించండి. అందువల్ల మన సెలవు చీటీ తగాదా ఇక్కడ రాదు. కాని అప్పటికే వాడుకలో ఉన్న పాత ప్రోగ్రాములు మరో విధంగా రాసేవి:

శుక్ర నవం 19 16:14:55 1982

ఇది నియమానికి విరుద్ధం. అయినా అలాంటి లేఖలను పారవేయక, సరైన రూపంలోకి మార్చుకొమ్మని ఆ నియమావళే సలహా ఇచ్చింది. 1987లో వచ్చిన నియమావళి తేదీలోని అడ్డగీతలను తీసివేసి, వారం పేరును మూడక్షరాలకు కుదించింది. పాత ప్రోగ్రాములు మాత్రం ఒక్కరోజులో మారవు కదా!

కంప్యూటరు ఎలా చదువుతుంది?

బెల్లోవినే తేదీలను చదివే ప్రోగ్రామును కూడా రాశాడు. తరువాత ఎందరో దానిని సవరించారు. కిటుకు ఇది: పంక్తిని ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కను పోల్చుకోవాలి. మధ్యలో రెండు చుక్కల గుర్తు ఉంటే అది సమయం. అక్షరాలు ఉంటే నెల, వారం లేదా కాలమండలం. మిగిలిన అంకెలు రోజు, సంవత్సరం. చివరకు అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చాలి. 1970 జనవరి 1, గ్రీనిచ్ కాలం ప్రకారం అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో అదే ఆ కొలత. పై తేదీకి వచ్చే సంఖ్య 40,65,88,495. సంఖ్యలైతే ఏది ముందో ఏది వెనకో ఇట్టే తేలుతుంది.

రెండు గడ్డు చిక్కులు

మొదటిది కాలమండలం. ఇ.ఎస్.టి. అనగా అమెరికా తూర్పు తీరపు కాలం. గ్రీనిచ్‌కు 5 గంటలు వెనుక. కనుక 16:14:55కు 5 గంటలు కలిపితే గ్రీనిచ్ కాలం 21:14:55. దానికి మరో 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన దేశంలో 20వ తేదీ, శనివారం, తెల్లవారుజామున 2:44:55. చూశారా, తేదీయే మారిపోయింది! పాత ప్రోగ్రాముల రాతలో కాలమండలమే లేదు. అది ఏ ఊరి గడియారమో ఎలా తెలుస్తుంది? పేరు ఉన్నా చిక్కే. ఐ.ఎస్.టి. అంటే మనకు భారత కాలం. ఇజ్రాయెల్‌కు, ఐర్లండుకు కూడా అవే మూడక్షరాలు. అందుకే +0530 వంటి అంకెలు మేలు. ఇది 530 నిమిషాలు కాదు సుమా! 5 గంటల 30 నిమిషాలు.

రెండవది శతాబ్దం. 82 అంటే 1982 అని అందరికీ తెలుసు. 00 అంటే? 1900 అనుకుంటే నేటి లేఖ వందేళ్ళ ముసలిది అవుతుంది. సి భాషలో సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కిస్తారు. అందువల్ల 2000 రాగానే కొన్ని ప్రోగ్రాములు 100 అని రాశాయి. కొన్ని ముందు 19 తగిలించి 19100 అని చూపాయి! 1989 నుంచే నాలుగు అంకెలు రాయమని సలహా ఉంది. 2001 నాటి ఈమెయిలు నియమం పాత రాతలకు ఇలా దారి చూపింది: 00 నుంచి 49 వరకు ఉంటే 2000 కలపండి, 50 నుంచి 99 వరకు ఉంటే, లేదా మూడు అంకెలు ఉంటే 1900 కలపండి.

నేర్చుకోవలసినది

పంపేటప్పుడు కచ్చితంగా ఉండు. అందుకొనేటప్పుడు ఉదారంగా ఉండు. ఇంటర్నెట్ నిర్మాతలలో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లో చెప్పిన నీతి సారాంశం ఇదే. వెబ్ నియమావళి 2022లో కూడా దీనినే పాటించింది. పంపేవారు తేదీని ఒకే రూపంలో రాయాలి. అందుకొనేవారు మాత్రం పైన చెప్పిన రెండు పాత రూపాలనూ చదవగలగాలి. రేపటి నుంచి మీ సెలవు చీటీలో నెలను అక్షరాలతో, సంవత్సరాన్ని నాలుగు అంకెలతో రాయండి.

మీరే చేసి చూడండి

1. ఒక లేఖ మీద "31 డిసెం 99 20:00:00 గ్రీనిచ్" అని ఉంది. అప్పుడు మన దేశంలో తేదీ, సమయం ఎంత?
2. "1 జన 2000 02:00:00 +0530" అని ఉన్న లేఖ దీనికి ముందుదా, తరువాతదా?

జవాబులు: 1. 2000 జనవరి 1, తెల్లవారుజామున 1:30. 2. అరగంట తరువాతది.